బంతి ఎక్కువ, జాగా తక్కువ: వింగర్లను కొనే క్లబ్బులకు బహిరంగ లేఖ

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్), ఐ-లీగ్ ఫుట్‌బాల్ క్లబ్బుల స్పోర్టింగ్ డైరెక్టర్లకు, ఆటగాళ్ల ఎంపిక కమిటీల సభ్యులకు,

నమస్కారం.

ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లను కొనే, అమ్మే గడువు) దగ్గరపడేకొద్దీ మీ టేబుళ్ల మీద పేరుకునే ఫైళ్లలో సగం వింగర్లవే, అంటే మైదానం అంచుల వెంట దాడి చేసేవాళ్లవే. నాలుగు నిమిషాల వీడియో, వెనక హోరుమనే పాట, టచ్‌లైన్ (మైదానం పొడవునా ఉండే పక్కగీత) పక్కన దూసుకుపోయే కుర్రాడు. ఆఖర్న గోల్స్, అసిస్టులు (గోల్‌కి దారితీసిన ఆఖరి పాస్‌లు), ఏజెంటు చెప్పే రేటు. మ్యాచ్ వీడియోలు కోసి, కోడ్ చేసి (ఎక్కడ ఏం జరిగిందో గుర్తులు పెట్టి), రిపోర్టులు రాయడం మా పని. ఆ ఫైళ్లు చూసి మీరు తీసుకునే నిర్ణయాల్లో లెక్క ఎక్కడ తప్పుతోందో చెప్పాలని ఈ లేఖ.

మా ఫిర్యాదు ఒక్కటే. చిన్న క్లబ్బులో వింగర్‌కి జాగా దొరుకుతుంది. పెద్ద క్లబ్బులో బంతి దొరుకుతుంది, జాగా దొరకదు. చూడ్డానికి రెండూ ఒకే ఆటలా ఉంటాయి గానీ కావు. మీరు మొదటి ఆటలో వచ్చిన మార్కులు చూసి రెండో ఆటకి సీటిస్తున్నారు.

పట్టికలో మధ్యలో ఉండే జట్టు తన గోల్‌కి ముప్పై మీటర్ల దూరంలో వరస కట్టి కాచుకుంటుంది. బంతి చేజిక్కగానే వింగర్ ముందు ఖాళీ నేల. మైదానం పొడవు 105 మీటర్లు, ఎదుటి ఫుల్‌బ్యాక్ (ఆ అంచున కాసే డిఫెండర్) ఏమో అప్పటికే పైకి వచ్చేసి ఉన్నాడు. కాళ్లలో వేగం ఉన్నవాడెవడైనా అక్కడ బాగానే కనిపిస్తాడు. అదే కుర్రాడు టైటిల్ కోసం ఆడే జట్టుకి వస్తే, ఎదుటివాళ్లు పదిమంది బంతి వెనక కూర్చుంటారు. ఫుల్‌బ్యాక్‌కి తోడుగా ఆ వైపు మిడ్‌ఫీల్డర్ నాలుగైదు మీటర్లలోనే ఉంటాడు. పరుగెత్తడానికి చోటే లేదు. తొంభై నిమిషాల్లో బంతి ముప్పై, నలభై సార్లు కాళ్ల దగ్గరికి వస్తుంది, ప్రతిసారీ ఇద్దరు మనుషుల మధ్యకే వస్తుంది.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ లిస్టన్ కొలాసో. గోవా కుర్రాడు. 2020 జనవరిలో ఎఫ్‌సీ గోవా నుంచి హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చాడు. మనోలో మార్కెజ్ కోచింగ్‌లో 2020–21లో ఆ జట్టు అయిదో స్థానంలో నిలిచింది. ఆ సీజన్‌లో లిస్టన్ ఖాతాలో ఉన్నవి 2 గోల్సే. అయినా 2021లో కలకత్తా క్లబ్బు, అప్పటి ఏటీకే మోహన్ బగాన్ రుసుము చెల్లించి మరీ తీసుకుంది. గోల్స్ మాత్రమే చూసేవాళ్లు అప్పుడు నొసలు చిట్లించారు. 2021–22 ఐఎస్ఎల్‌లో అతను 8 గోల్స్ కొట్టాడు. ఆ క్లబ్బులో ఎవరో లెక్క సరిగ్గానే చూశారన్నమాట.

ఏం చూసి ఉంటారు? మేమైతే ఇవి చూసేవాళ్లం. కుడికాలి ఆటగాడు ఎడమ వింగ్‌లో నిలబడి, ఫుల్‌బ్యాక్‌ని ఎదురుగా నిలేసి, లోపలికి కోసుకొచ్చి, పెనాల్టీ బాక్స్ అంచు నుంచి దూరపు గోల్‌పోస్టు వైపు కొట్టగలడు. దీనికి ఖాళీ మైదానం అక్కర్లేదు, అడుగున్నర సందు చాలు. కాబట్టి ఈ ఆయుధం ‘లో బ్లాక్’ (సొంత గోల్ దగ్గరే వరస కట్టి కాచుకునే జట్టు) ముందు కూడా పేలుతుంది. రెండో సంగతి, హైదరాబాద్‌లో అతని వెనక లెఫ్ట్‌బ్యాక్‌గా ఆకాశ్ మిశ్రా ఉండేవాడు. అతను బయటి నుంచి పైకి పరుగు తీస్తే ఒక డిఫెండర్ అటు లాగబడతాడు, లోపలి దారి తెరుచుకుంటుంది. అంటే లిస్టన్‌కి దొరికిన సందులో కొంత పక్కవాడు ఇచ్చింది. వింగర్ ఫైల్లో అతని వెనక ఆడే ఫుల్‌బ్యాక్ పేరు రాయని రిపోర్టు సగం రిపోర్టే.

ఆ తర్వాతి సీజన్ ఇంకో పాఠం. 2022–23లో లిస్టన్ గోల్స్ బాగా పడిపోయాయి. అంతకుముందు రెండు సీజన్లూ కోవిడ్ వల్ల గోవాలోనే, ప్రేక్షకులు లేని స్టేడియాల్లో జరిగాయి కాబట్టి, జనం ముందుకు రాగానే తడబడ్డాడని అన్నవాళ్లున్నారు. మేం ఒప్పుకోం. 2022 మేలో కలకత్తా సాల్ట్‌లేక్ స్టేడియంలో జనం ముందే, ఆసియా క్లబ్బుల పోటీ ఏఎఫ్‌సీ కప్‌లో బంగ్లాదేశ్ జట్టు బసుంధరా కింగ్స్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. మా దృష్టిలో కారణం మామూలుదే. లోపలికి కోస్తాడని అందరికీ తెలిసిపోయింది. ఫుల్‌బ్యాక్‌లు లోపలి దారి మూసి, ఎడమకాలి వైపు, గీత వైపు నెట్టడం మొదలెట్టారు. ఒకే ఆయుధం ఉన్న వింగర్‌కి పెద్ద క్లబ్బులో మొదటి ఏడు పండగ, రెండో ఏడు పరీక్ష. 2024 ఏప్రిల్‌లో ముంబై సిటీతో షీల్డ్ (లీగ్ పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చేది) తేల్చిన మ్యాచ్‌లో మొదటి గోల్ మళ్లీ లిస్టన్‌దే. ఆటగాడు ఎక్కడికీ పోలేదు. పోయింది ఎదుటివాళ్ల అజ్ఞానం.

ఇక పద్ధతి సంగతి. అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలు. వింగర్‌కి అది చాలదు. కనీసం చివరి 1,800 నిమిషాలు, అంటే ఇరవై పూర్తి మ్యాచ్‌ల ఆట కావాలి. ఆ నిమిషాల్లో అతను బంతి అందుకున్న ప్రతి సందర్భాన్నీ మూడు కుప్పలు చేయండి. బంతి చేజిక్కిన పది సెకన్ల లోపు, ఎదుటి జట్టు ఇంకా సర్దుకోకముందే అందుకున్నవి ఒక కుప్ప. ఎదుటి జట్టు బంతి వెనక కుదురుగా నిలబడ్డాక అందుకున్నవి రెండో కుప్ప. కార్నర్లు, త్రోలు, చిందరవందరలో దొరికినవి మూడోది. గోల్స్, అసిస్టులు, డ్రిబుల్స్ (బంతితో డిఫెండర్‌ని దాటినవి), పోగొట్టుకున్న బంతులు అన్నీ కుప్పవారీగా వేరుచేయండి. హైలైట్ వీడియో ఎప్పుడూ మొదటి కుప్పలోంచే పుడుతుంది. మీకు కావలసింది రెండో కుప్ప.

చిన్న క్లబ్బు వింగర్‌కి రెండో కుప్ప చిన్నదిగా ఉంటుంది, నిజమే. దాన్ని పెంచుకునే దార్లున్నాయి. ఎదుటి జట్టులో ఒకరికి రెడ్ కార్డు పడ్డ తర్వాతి నిమిషాలు వెతకండి, పదిమంది మిగిలిన జట్టు వెనక్కి తగ్గి గోడ కడుతుంది. ఇతని జట్టు ఒక గోల్ వెనకబడి ఉన్న చివరి ఇరవై నిమిషాలు వెతకండి, ఎదుటివాళ్లు ఆధిక్యం కాపాడుకుంటూ ఉంటారు. పట్టిక అడుగున ఉన్న జట్టుతో సొంత మైదానంలో ఆడినవి చూడండి. రిజర్వ్ జట్టుకి, వయసు విభాగాల జాతీయ జట్టుకి ఆడినవి ఉంటే అవీ కలపండి. ఎలాగోలా అలాంటి అరవై, డెబ్బై క్లిప్పులు పోగవ్వకపోతే ఆ కుర్రాడి మీద తీర్పు చెప్పకండి. లోన్ మీద, అంటే కొన్నాళ్లకు అరువుగా తెచ్చుకుని చూడండి.

ఆ క్లిప్పుల్లో ఏం చూడాలో ఒకే దృశ్యం తీసుకుని చెబుతాం. కుడికాలి కుర్రాడు, ఎడమ వింగ్. వీపు టచ్‌లైన్ వైపు, ముఖం మైదానం లోపలికి. సెంటర్‌బ్యాక్ దగ్గర నుంచి బంతి బయల్దేరింది. అది నేల మీద దొర్లుతున్న ఆ ఒకటిన్నర సెకనులో అతను తల తిప్పి ఫుల్‌బ్యాక్ ఎంత దూరంలో ఉన్నాడో చూశాడా? పాస్ ఇచ్చేవాడు బంతి అందుకున్నప్పుడు ఒకసారి, బంతి దారిలో ఉన్నప్పుడు ఇంకోసారి, రెండుసార్లు చూడాలి. ఇప్పుడు బంతి ఏ కాలికి తగిలింది? ఎదుటి గోల్ అతని ఎడమ చేతి వైపు ఉంది. ఎడమకాలితో ఆపితే శరీరం అటు తెరుచుకుంటుంది, మరుసటి అడుగు ముందుకే పడుతుంది. బలమైన కాలు కదా అని కుడికాలితో ఆపితే బంతి సొంత గోల్ వైపు ఒక జానెడు జరుగుతుంది. ఆ జానెడే ఫుల్‌బ్యాక్‌కి అరసెకను ఇస్తుంది. అరసెకనులో అతను మూడు మీటర్లు దగ్గరికొచ్చేస్తాడు. వెనక తోడున్న మిడ్‌ఫీల్డర్ కూడా చేరతాడు. ఇక మిగిలింది వెనక్కి పాస్ ఒక్కటే.

బలహీనమైన కాలు అనగానే అందరూ షాట్ గురించే అడుగుతారు. షాట్ తర్వాతి మాట. ముందు ఆ కాలితో బంతి ఆపగలడా, అది చూడండి. ఖాళీ మైదానంలో ఈ లోపం కనబడనే కనబడదు, ఎందుకంటే అక్కడ అరసెకను పోయినా అడిగేవాడు లేడు.

అదే క్లిప్పు ఇంకా ఆపకండి. ఫుల్‌బ్యాక్ వచ్చి మీటరున్నర దూరంలో నిలబడ్డాడు. అతని ఏ పాదం ముందుంది? ముందున్న పాదాన్ని బట్టి అతను ఏ దారి మూస్తున్నాడో తెలుస్తుంది. మంచి వింగర్ బంతిని చూడడు, ఆ పాదాన్ని చూస్తాడు, ఆ పాదం పక్కనుంచే దాటేస్తాడు. ఎందుకంటే బరువు దాని మీద ఉన్నంతసేపూ డిఫెండర్ తిరగలేడు. ఇక్కడ పనికొచ్చేది గంటకు 34 కిలోమీటర్ల గరిష్ఠ వేగం కాదు. నిలబడ్డచోటు నుంచి మొదటి మూడు, నాలుగు మీటర్లు ఎంత త్వరగా దాటతాడు, పరుగులోంచి ఎంత తక్కువ అడుగుల్లో ఆగగలడు అన్నవి. జీపీఎస్ చొక్కా ఇచ్చే రిపోర్టులో ఈ రెండూ వేరే కాలమ్‌ల్లో ఉంటాయి. ఏజెంటు పంపే కాగితంలో మాత్రం గరిష్ఠ వేగం ఒక్కటే బోల్డ్ అక్షరాల్లో ఉంటుంది. మిగతా కాలమ్‌లు అడిగి తెప్పించుకోండి.

చివరి పాస్‌ని కొలవడానికి మేం వాడే పద్ధతి ఖర్చు లేనిది. క్లిప్పుని అతను బంతి వదలడానికి అరసెకను ముందు ఆపేయండి. ఇద్దరు మనుషులు, ఒకరి కాగితం ఒకరు చూడకుండా, అక్కడ అన్నిటికన్నా మంచి ఎంపిక ఏమిటో రాయాలి. తర్వాత క్లిప్పు నడపండి. నలభై క్లిప్పుల్లో ఎన్నిసార్లు అతని ఎంపిక మీ కాగితాలతో కలిసిందో లెక్కపెట్టండి. పాస్ చేరిందా లేదా అన్నది ఇక్కడ అనవసరం. ఎంపిక సరిగ్గా ఉండి పాదం తప్పితే శిక్షణతో బాగవుతుంది. ఎంపికే తప్పుగా ఉండి అదృష్టంతో గోల్ అయితే అది అసిస్టుగా నమోదై మిమ్మల్ని మోసం చేస్తుంది. ఇద్దరి కాగితాలూ ఒకదానితో ఒకటి కలవకపోతే మాత్రం ముందు మీ స్కౌట్లకు శిక్షణ ఇప్పించండి!

గోల్స్ అంకెని పొట్టు ఒలిచి చూడటం ఇంకో అవసరం. 2018–19లో లిల్ తరఫున నికోలా పెపె ఫ్రెంచ్ లీగ్‌లో 22 గోల్స్ కొట్టాడు. అందులో 9 పెనాల్టీలు. మిగిలిన 13లో లిల్ ఎదురుదాడి ఆట చలవ ఎంతో ఉంది. ఆర్సెనల్ 2019లో 7.2 కోట్ల పౌండ్లు పోసి కొంది. అక్కడ ఎదురుదాడి లేదు, ఎదురుగా గోడ ఉంది. 2023లో ఒప్పందం రద్దు చేసుకుని విడిపోయారు. ఆటగాడిలో ప్రతిభ లేదనడం అన్యాయం, ఎడమకాలు బంగారం. కొన్నవాళ్లు ఏ కుప్పలోంచి కొంటున్నారో చూసుకోలేదు.

అయితే రెండో కుప్ప ఒక్కటే చూస్తే సరిపోతుందా అంటే, లేదు. బ్రెజిల్ వింగర్ ఆంటొనీ ఆడిన అయాక్స్ డచ్ లీగ్‌లో ఎప్పుడూ బంతి చేతిలో ఉంచుకునే జట్టే. ఎదుటివాళ్లు గోడ కట్టే ఆటే అతను రోజూ ఆడాడు. 2022లో మాంచెస్టర్ యునైటెడ్ 9.5 కోట్ల యూరోలకు కొంది. మొదటి మూడు లీగ్ మ్యాచ్‌ల్లోనూ గోల్ కొట్టాడు, తర్వాత నెమ్మదిగా మసకబారాడు. తేడా గోడలో లేదు, గోడ కట్టినవాళ్లలో ఉంది. ఎదురుగా ఉన్న ఫుల్‌బ్యాక్ అంతే వేగంగా ఉండి, ఎడమకాలి మీదికే వస్తాడని ముందే తెలిసి ఉంటే, అదే ఫెయింట్ (ఒకవైపు వెళ్తున్నట్టు నటించి ఇంకోవైపు తిరగడం) పనిచేయదు. అందుకే రెండో కుప్పని మళ్లీ ఎదుటి డిఫెండర్ స్థాయిని బట్టి విడదీయాలి. లీగ్‌లో మొదటి నాలుగు స్థానాల్లో ఉన్న జట్ల ఫుల్‌బ్యాక్‌ల మీద ఇతను ఏం చేశాడు? క్లిప్పులు పదిహేనే ఉన్నా వాటికి బరువెక్కువ.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఖ్విచా క్వారత్‌స్ఖేలియా. 2022 వేసవిలో జార్జియాలోని దినమో బటూమి నుంచి నాపోలీకి వచ్చాడు, ధర ఆ రోజుల యూరప్ లెక్కల్లో చిల్లర. రెండు కాళ్లూ ఆడతాయి కాబట్టి లోపలికి మూస్తే బయటికి, బయటికి మూస్తే లోపలికి. మొదటి సీజన్‌లోనే ఇటలీ లీగ్ సీరీ-ఆలో 12 గోల్స్ చేశాడు. నాపోలీ 33 ఏళ్ల తర్వాత లీగ్ గెలిచింది. చిన్న లీగ్ నుంచి వచ్చినవాడని తీసిపారేస్తే ఏం పోగొట్టుకునేవాళ్లో చూడండి.

ఎదుగుదలని అంచనా కట్టడంలో మీ కమిటీల్లో ఇంకో పొరపాటు జరుగుతోంది. పందొమ్మిదేళ్ల కుర్రాణ్ని ఇరవై ఆరేళ్లవాడి పక్కన నిలబెట్టి కొలుస్తున్నారు. అతన్ని నిరుటి అతనితోనే పోల్చాలి. పది పది మ్యాచ్‌లు కలిపి సగటు గీత గీస్తే, ఏది పెరుగుతోందో ఏది నిలిచిపోయిందో కనబడుతుంది. మా అనుభవంలో, ఇరవై ఒకటి దాటాక ఉట్టి వేగం పెద్దగా పెరగదు. తల తిప్పి చూడటం, ఎంపిక, ఎప్పుడు ఆగాలో తెలియడం ఇరవై ఆరు దాకా పెరుగుతూనే ఉంటాయి. బలహీనమైన కాలు రోజూ పని పెడితే ఏడాదిన్నరలో ఆపడానికి, పాస్‌కి పనికొస్తుంది. షాట్‌కి రావడం అరుదు. కాబట్టి కేవలం వేగం మీద బతికే ఇరవై మూడేళ్లవాడి కన్నా, వేగం మామూలుగా ఉండి ఎంపిక ఏటేటా మెరుగయ్యే ఇరవై ఏళ్లవాడికి ఎక్కువ ధర కట్టొచ్చు.

లాలియన్‌జువాలా ఛాంగ్టే మన కళ్ల ముందే దీన్ని చూపించాడు. 2019–20లో చెన్నైయిన్‌కి 7 గోల్స్ కొట్టి ఫైనల్ దాకా తీసుకెళ్లినవాళ్లలో ఒకడు. మరుసటి ఏడు ఆ జోరు లేదు. 2022 జనవరిలో ముంబై సిటీకి వెళ్లాడు. అక్కడి కోచ్ డెస్ బకింగ్‌హామ్ అతన్ని కుడివైపు నిలబెట్టి, ఎడమకాలితో లోపలికి రానిచ్చాడు. 2022–23లో 10 గోల్స్, 6 అసిస్టులు, లీగ్‌లో ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్. కాళ్లు అవే. అంతకుముందు అతని ఫైలు చూసి 'వేగం ఉంది, ఫినిషింగ్ లేదు' అని రాసి పక్కన పెట్టిన క్లబ్బులు ఉండే ఉంటాయి.

మొదటి పెద్ద క్లబ్బులో కుదరనంత మాత్రాన కథ ముగిసినట్టూ కాదు. మొహమ్మద్ సలా 2014 జనవరిలో బాసెల్ నుంచి చెల్సీకి వెళ్లి లీగ్‌లో 13 మ్యాచ్‌లు ఆడాడు, 2 గోల్స్. ఫియొరెంటీనా, రోమా తిరిగి 2017లో లివర్‌పూల్ చేరాక మొదటి లీగ్ సీజన్‌లోనే 32. బెంచీ మీద కూర్చోబెట్టి విడిచిపెట్టిన వింగర్ల జాబితా ఏటా ఒకసారి తిరగేయండి. చవకలో దొరికే సరుకు అక్కడే ఉంటుంది.

డిఫెన్స్ గురించి క్లుప్తంగా. మైదానంలో విదేశీయులు నలుగురికి మించకూడదన్న నిబంధన వచ్చాక క్లబ్బులు వాళ్లను ఎక్కువగా మధ్యలోనే, గోల్ దగ్గరే పెట్టుకుంటున్నాయి. వింగ్‌లు మన కుర్రాళ్లవి. బంతి పోయిన మొదటి ఐదు సెకన్లలో వింగర్ ఏం చేశాడో ప్రతి క్లిప్పులో రాయండి. చేతులు నడుము మీద పెట్టుకుని రిఫరీ వైపు చూసేవాడిని పెద్ద మ్యాచ్‌లో ఏ కోచ్ కూడా అరవయ్యో నిమిషం దాటనివ్వడు.

మెడికల్ విషయంలో సంతకం రోజు తీసే స్కాన్ కన్నా రెండు సీజన్ల గాయాల చిట్టా విలువైనది. తొడ వెనక కండరం ఎన్నిసార్లు పట్టేసింది, ఒకే కాలిదా, ప్రతిసారీ ఎన్ని రోజులకి తిరిగొచ్చాడు? అదే కాలికి రెండుసార్లు, రెండోసారి ఎక్కువ రోజులు అయితే జాగ్రత్త పడండి. పెద్ద క్లబ్బంటే లీగ్‌తో పాటు డ్యూరండ్ కప్, సూపర్ కప్, ఆసియా మ్యాచ్‌లు. వారానికి ఒక మ్యాచ్ ఆడే శరీరాన్ని తెచ్చి నాలుగు రోజులకోటి ఆడిస్తే మొదట తెగేది ఆ కండరమే. నిమిషాలు వారం వారం పెంచే పథకం ఒప్పందానికి ముందే ఫిట్‌నెస్ కోచ్ రాసి ఇవ్వాలి.

హైదరాబాద్ నుంచి కలకత్తాకి వింగర్లు వెళ్లడం లిస్టన్‌తో మొదలవలేదు. 1950ల్లో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. అతన్ని తీర్చిదిద్దిన కోచ్ రహీమ్ సాబ్ దగ్గర జీపీఎస్ లేదు, వీడియో లేదు. కానీ ఎవరు ఎక్కడ నిలబడితే ఎవరికి సందు దొరుకుతుందో తెలుసు. మీ దగ్గర వీడియో ఉంది కదా అని ఆ ప్రశ్న అడగడం మానేశారు.

ఇక మీ నుంచి మేం కోరేవి. రేటు మాట్లాడకముందే హెడ్ కోచ్ చేత ఒక పేజీ రాయించుకోండి: ఈ కుర్రాడు ఏ వైపు ఆడతాడు, వెనక ఏ ఫుల్‌బ్యాక్ ఉంటాడు, బంతి గీత దగ్గర కావాలా లోపల కావాలా, ఎవరి స్థానంలో వస్తున్నాడు. కోచ్ ఆ పేజీ రాయలేకపోతే ఆ కొనుగోలు కోచ్‌ది కాదు, కమిటీది. సీజన్ మధ్యలో కోచ్ మారితే కొత్తాయన ముందు పెట్టాల్సిన మొదటి కాగితం కూడా అదే. ఒప్పందంలో గోల్స్‌కి బోనస్ పెట్టేటప్పుడు పెనాల్టీలు మినహాయించండి, ఆడిన నిమిషాలకి ఒక భాగం కేటాయించండి. వచ్చిన మొదటి పన్నెండు వారాలు గోల్స్ లెక్క బోర్డు మీటింగ్‌లోకి రానివ్వకండి. ఆ పన్నెండు వారాల్లో చూడాల్సింది రెండో కుప్పలో అతను బంతిని ముందుకు తీసుకెళ్తున్న శాతం పెరుగుతోందా లేదా, అంతే.

ఏజెంటుని కూడా ఈసారి హైలైట్లు అడగకండి. ఎదుటి జట్టు మొత్తం బంతి వెనక ఉన్నప్పుడు ఇతను అందుకున్న వరస ముప్పై బంతులు, మధ్యలో ఏదీ తీసేయకుండా, పోగొట్టుకున్నవి కూడా ఉంచి పంపమనండి. కోసే మనిషి లేడని ఆయన అంటే మ్యాచ్‌ల పేర్లు చాలు, ఆ ముప్పై మేం కోసి పెడతాం.

ఇట్లు,
మ్యాచ్ వీడియోలు కోడ్ చేసే కొందరు విశ్లేషకులు